నూటికి ముప్పై

ఆఫీసులో అందరూ ఆయన్ని దశాంశం అనేవాళ్లు, ఆయన వినకుండా. చుక్క తర్వాతి అంకె కోసం ఎవరితోనైనా, మంత్రిగారి కార్యదర్శితోనైనా సరే, గొంతు పెంచకుండా పొద్దస్తమానం వాదించగలడని ఆ పేరు. గణాంక కార్యాలయం మూడో అంతస్తులో స్థిర పెట్టుబడి విభాగానికి ఆయన అధిపతి. దేశం ఒక ఏడాదిలో సంపాదించినదంతా ఒకచోట కుప్ప పోస్తే, అందులో ఎంత భాగం తిండికీ బట్టకీ కరిగిపోకుండా భవనాలుగా, రోడ్లుగా, యంత్రాలుగా నిలిచిందో తేల్చడం ఆ విభాగం పని. ఆ భాగం చాలా ఏళ్లుగా నూటికి ముప్పై దగ్గరే ఉంటూ వచ్చింది. ఇరుగుపొరుగు దేశాలన్నీ ఇరవైల్లో దేకుతుంటే మనం ముప్పైలో ఉన్నామని మంత్రులు సభల్లో ఛాతీ విరుచుకుని చెప్పేవారు.

ఆయన కోడలు కూడా అదే విభాగంలో పనిచేసేది. ముందు ఉద్యోగం, తర్వాతే పెళ్లి. చేరిన రెండో ఏడు ఆమె పట్టికల్లో ఒక్క తప్పూ దొరక్క ఆయనకి ముచ్చటేసింది. తండ్రి లేని పిల్ల, తల్లి కుట్టుపని చేసి చదివించింది అని తెలుసుకుని, ఒకరోజు క్యాంటీన్లో ఎదురుగా కూర్చుని, మా అబ్బాయికి కళ్లజోళ్ల దుకాణం ఉంది, నెమ్మదస్తుడు, నీకు అభ్యంతరం లేకపోతే మీ అమ్మగారితో మాట్లాడతాను అన్నాడు. ఆమెకి అభ్యంతరం లేకపోయింది. నిజం చెప్పాలంటే పెళ్లికొడుకు కంటే మామగారే ఆమెకి ముందు నచ్చాడు. పెళ్లయ్యాక ఇద్దరూ ఒకే కారులో ఆఫీసుకి వెళ్లేవారు. గేటు దాటేదాకా మామయ్య, దాటాక సార్. ఆ మార్పు ఆమె నాలుకకి వారంలోనే అలవాటైపోయింది.

ఆయన పేరు నిలబెట్టింది సిమెంటు. పెద్ద కంపెనీల లెక్కలు వాళ్లే పంపుతారు. రోడ్లూ వంతెనలూ బడ్జెట్టులో ఉంటాయి. యంత్రాల సంగతి ఓడరేవులో తెలుస్తుంది. చిక్కల్లా చిన్నవాళ్లతోనే. వీధి చివర ఎవరో మేడ మీద మేడ వేస్తారు, ఎవరో షెడ్డు కడతారు. వాళ్లు ఎవరికీ లెక్క చెప్పరు. ఆయన ఉద్యోగంలో చేరిన కొత్తల్లో ఊరూరా తిరిగి, కట్టే చోట్ల నిలబడి అడిగి, ఒక్కో సిమెంటు బస్తాకి ఎంత విలువైన కట్టడం లేస్తుందో తేల్చాడు. దానికి గుణకం అని పేరు. ఏడాదిలో చిల్లరగా అమ్ముడైన బస్తాల్ని ఆ గుణకంతో హెచ్చవేస్తే చిన్నవాళ్ల కట్టడాల విలువ వచ్చేసినట్టే. అప్పటినుంచీ ఆ గుణకాన్ని ఎవరూ ముట్టుకోలేదు. శిక్షణ తరగతుల్లో పాఠంగా కూడా చెప్పేవారు.

కోడలికి అనుమానం వచ్చింది ఇంటి దగ్గరే. కింద భర్త దుకాణం, పైన కాపురం. కిటికీలోంచి చూస్తే వీధిలో ఎప్పుడూ సిమెంటు బస్తాలు దిగుతూనే ఉండేవి, కానీ ఒక్క కొత్త గోడా లేచేది కాదు. పాత ఇళ్లకి బీటలు పూడ్చుకుంటున్నారు, ఊడిన గచ్చు మళ్లీ వేసుకుంటున్నారు. ఉన్నది కూలిపోకుండా కాపాడుకోవడాన్ని పెట్టుబడి కింద రాయకూడదు. మరి ఇలాంటి బస్తాలు ఎన్ని? ఆమె కొత్త సర్వే చేస్తానని అడిగింది. ఆయన నవ్వి వెంటనే సంతకం పెట్టాడు. తన గుణకం మీద ఆయనకి అంత ధీమా. కోడలి మీద అంత గర్వం కూడా.

రెండేళ్లు ఆమె ఊళ్లు పట్టుకు తిరిగింది. తొమ్మిది వందల పైచిలుకు కట్టడాలు. దుమ్ములో నిలబడి మేస్త్రీలనీ ఇంటివాళ్లనీ అడిగి రాసుకునేది. ఆఖరి విడతలో ఆమె కడుపుతో ఉంది. ఐదో నెల. ఒక మధ్యాహ్నం సగం కట్టిన మెట్ల మీంచి దిగుతుంటే నడుంలో పోటు మొదలైంది. ఆసుపత్రికి చేర్చేసరికే ఆలస్యమైపోయింది. బిడ్డ దక్కలేదు.

ఆసుపత్రిలో ఉన్నన్నాళ్లూ మామగారు ఆఫీసు నుంచి తిన్నగా అక్కడికే వచ్చేవాడు. భర్త ఒక మూల కూర్చుని తల దించుకునేవాడు గానీ ఆయన మంచం పక్కన స్టూలు లాక్కుని, నారింజ తొనల మీద పీచంతా ఓపిగ్గా తీసి ఒక్కొక్కటే ఆమె చేతిలో పెట్టేవాడు. ఇంకా పద్నాలుగు కట్టడాలు చూడాల్సి ఉన్నాయని, గడువు దాటిపోతుందని ఆమె ఒకటే గుంజాటన పడింది.

"ఫోన్లో అడిగి రాసేసుకో అమ్మా. ఆ పద్నాలుగు ఇళ్లతో దేశం మునిగిపోదు. ముందు నువ్వు కోలుకో," అన్నాడాయన.

ఆమె ఆ మాటకి ఏడ్చేసింది. తండ్రి బతికుంటే ఇలాగే అనేవాడనిపించింది. పడుకునే ఫోన్లు చేసి ఆ పద్నాలుగూ పూర్తిచేసింది.

లెక్క తేలాక ఆమె ముందు ఇంట్లోనే చెప్పింది. సాయంత్రం బాల్కనీలో ఆయన టీ తాగుతుండగా పక్కన కూర్చుని, అమ్ముడైన బస్తాల్లో ఇంచుమించు మూడో వంతు మరమ్మతులకే పోతోందని, గుణకం ఆ రోజుల్లో సరైనదే అయినా ఇప్పుడు చెల్లదని, నొప్పించకుండా ఎలా చెప్పాలో దారి పొడుగునా సాధన చేసిన మాటల్లో చెప్పింది. దేశం ముప్పై కాదు. ఇరవై నాలుగు.

ఆయన కప్పు కింద పెట్టాడు.

"భిన్నంలో పైన పెట్టుబడి తగ్గితే కింద దేశాదాయం కూడా కొంత తగ్గుతుంది. చూశావా?"

"చూశాను మామయ్యా. రెండూ తగ్గించాకే ఇరవై నాలుగు."

 ఆయన కాగితాలన్నీ తన గదిలో పెట్టమన్నాడు. రెండు వారాల తర్వాత తిరిగి ఇచ్చినప్పుడు వాటిలో అక్షర దోషాలు తప్ప ఏమీ దిద్దలేదు. నిపుణుల కమిటీ ముందు నువ్వే చెప్పు, నీ కష్టం నువ్వే చెప్పుకోవాలి, నేను పక్కన ఉంటాను అన్నాడు. ఆమె సంబరం ఇంతా అంతా కాదు. భర్త ఆ సమావేశం కోసం ఆమెకి కొత్త కళ్లజోడు చేసిచ్చాడు. అత్తగారు ఎదురొచ్చి మరీ సాగనంపింది.

పొడవాటి బల్ల చుట్టూ పన్నెండు మంది. అధ్యక్షుడు ఒక ముసలి ప్రొఫెసరు. ఆయన పక్కన మంత్రిగారి కార్యదర్శి. ఆమె తడబడకుండా చెప్పింది. ప్రొఫెసరు ముందుకి వంగి, మధ్యమధ్య తల ఊపుతూ విన్నాడు. ఇరవై నాలుగు అన్న మాట వినగానే కార్యదర్శి ముఖం మాడిపోయింది. అతను ఏదో అనబోతుంటే మామగారు చేయెత్తి ఆపి, విభాగాధిపతిగా ముందు నేను మాట్లాడాలి అన్నాడు. ఆమె కూర్చుని, ఆయన తన తరఫున మాట్లాడబోతున్నాడని నిశ్చింతగా గ్లాసులో నీళ్లు పోసుకుంది.

ఆయన సర్వే పద్ధతిని మెచ్చుకున్నాడు. శ్రమని మెచ్చుకున్నాడు. ఆ తర్వాత, ప్రతి కట్టడాన్నీ స్వయంగా చూశామని నివేదిక మొదటి పేజీలో ఉంది, అది నిజం కాదు, పద్నాలుగు కట్టడాల దగ్గరికి ఎవరూ వెళ్లలేదు అన్నాడు.

ఎందుకు వెళ్లలేదని ప్రొఫెసరు ఆమెని అడిగాడు.  ఆసుపత్రిలో ఉన్నాను సార్ అని మాత్రం అనగలిగింది.

"గర్భం పోయింది," అన్నాడు మామగారు, పట్టికలో అంకె చదివినట్టే. "మా ఇంటి విషయం కాబట్టి నాకు తెలుసు. నా సానుభూతి ఉంది. కానీ ఆ స్థితిలో ఉన్న మనిషి మంచంలోంచి ఫోన్లో అడిగి రాసుకున్న జవాబులతో దేశం లెక్క మార్చగలమా? ఆ పద్నాలుగు ఇలా ఉంటే మిగతావి ఎలా ఉన్నాయో ఎవరు చెప్పాలి?"

బల్ల చుట్టూ అందరూ ఆమె ముఖంలోకి కాకుండా కింద చూపు దించి కూర్చున్నారు. ఒకాయన చూపు మాత్రం ఆమె కడుపు మీదికి వెళ్లి వెనక్కొచ్చింది. అది ఆమె గమనించింది.

"ఫోన్లో అడగమని మీరే చెప్పారు సార్," అంది.

"చెప్పాను," అన్నాడాయన. "ఇంట్లో కోడలికి చెప్పాను. ఆఫీసులో అధికారికి చెప్పలేదు. ఆ తేడా తెలుసుకోవాల్సింది ఆవిడ."

కార్యదర్శి చిన్నగా నవ్వాడు. ఆ పద్నాలుగూ తీసేసినా లెక్క మారదని, కావాలంటే ఇప్పుడే చేసి చూపిస్తానని ఆమె అంటుంటే, ఇక్కడ విషయం లెక్కది కాదమ్మా, నమ్మకానిది అని కొట్టిపారేశాడు. ప్రొఫెసరు కళ్లద్దాలు తుడుచుకుంటూ ఉండిపోయాడు. సర్వేని పక్కన పెట్టాలని తీర్మానమైంది. ఆ ఏడాది కూడా దేశం నూటికి ముప్పై అని అచ్చయింది.

ఆ సాయంత్రం ఆమె కారెక్కలేదు. బస్సులో ఇంటికి వచ్చేసరికి ఆయన అప్పటికే స్నానం చేసి, భోజనానికి కూర్చుని ఉన్నాడు. అత్తగారు ఆమెకీ పళ్లెం పెట్టింది. ఆయన ఏమీ జరగనట్టు, వర్షం వచ్చేలా ఉంది, మేడ మీద బట్టలు తీశారా అని అడిగాడు. ఆమె పళ్లెం వదిలేసి గదిలోకి వెళ్లింది. భర్త వెనకే వచ్చాడు. జరిగిందంతా విన్నాడు. నాన్న ఆఫీసులో ఒక మనిషి, ఇంట్లో ఒక మనిషి, ఇంట్లో నిన్నేమీ అనలేదుగా అన్నాడు. అతను మంచివాడే. అంతకంటే ఏమీ కాదు.

నెల తిరక్కుండా ఆమెని కింది అంతస్తుకి, అచ్చు విభాగానికి మార్చారు. ఇతరులు చేసిన పట్టికల్లో గీతలు తిన్నగా ఉన్నాయా, కామాలు సరిగ్గా పడ్డాయా అని చూసే పని. పాత సహోద్యోగులు మెట్ల మీద ఎదురైతే ముఖం చాటేసేవారు. కొందరైతే, పాపం, ఆరోగ్యం ఎలా ఉంది అని అడిగేవారు. కోలుకుంటున్న రోగిని అడిగినట్టు. ఆ అడగడమే ఆమెకి ఎక్కువ కోతగా ఉండేది. సమావేశం సంగతి ఆఫీసంతా పాకిపోయింది. బిడ్డ పోయిన దుఃఖంలో తప్పుడు లెక్కలు చేసిన మనిషిగా ఆమె స్థిరపడిపోయింది. వేరే ఇల్లు చూద్దామని భర్తని రెండుసార్లు అడిగింది. దుకాణం కింద పెట్టుకుని వేరే ఇల్లేమిటి అన్నాడు. మూడోసారి అడగలేదు.

తర్వాత ఎన్నికలొచ్చాయి. ప్రభుత్వం మారింది. కొత్త మంత్రికి పాతవాళ్ల గొప్పలన్నీ డొల్ల అని చూపించడం కావాలి. ఆర్నెల్లు తిరక్కుండా పక్కన పెట్టిన సర్వేని మామగారే బయటికి తీశాడు. ఆ పద్నాలుగు కట్టడాలూ తీసేసి మళ్లీ లెక్క వేయించాడు. ఇరవై నాలుగే వచ్చింది. దేశం ఇన్నాళ్లూ తనని తాను మోసం చేసుకుందని మంత్రి సభలో ప్రకటించాడు. తన సొంత గుణకాన్ని తానే సరిదిద్దుకున్న నిజాయితీపరుడని పేపర్లో మామగారి ఫోటో పడింది. అత్తగారు దాన్ని కత్తిరించి హాల్లో అద్దం కింద పెట్టింది. సర్వే చేసిందెవరో ఎక్కడా లేదు.

ఆ రోజు ఆమె బాల్కనీలోకి వెళ్లి ఆయన ఎదురుగా నిలబడింది.

"నీ లెక్క సరైనదే," అన్నాడాయన, ఆమె అడక్కుండానే.

"ఎప్పుడు తెలిసింది మీకు?"

"ఆ రెండు వారాల్లోనే. నేనే మొత్తం వేసి చూశాను. రెండుసార్లు."

"మరి ఎందుకలా చేశారు?"

ఆయన దాపరికం లేకుండా చెప్పాడు. ఆ రోజు ఇరవై నాలుగు అని ఒప్పుకుంటే పాత మంత్రి విభాగాన్నే ఎత్తేసేవాడు, తననీ ఆమెనీ ఇద్దరినీ పంపేసేవాడు. ఒకరు పోతే సరిపోయే చోట ఇద్దరు పోవడం దేనికి? లెక్క వేయడం ఒక పని, అది ఎప్పుడు బయటపెట్టాలో తెలియడం ఇంకో పని, రెండోది నీకు ఇంకా రాలేదు అన్నాడు. పైగా అదంతా పాఠం చెబుతున్నట్టు, కొంచెం ఆప్యాయంగా.

"పద్నాలుగు కట్టడాల సంగతి చాలదూ? బిడ్డ సంగతి దేనికి?"

ఆయన ఆలోచించాడు. "అది చెప్పకపోతే వాళ్లు నీతో ఇంకా వాదించేవాళ్లు. చెప్పాక ఎవరూ నోరెత్తలేదు," అన్నాడు.

అది నిజమేనని ఆమెకి తెలుసు. ఆ బల్ల దగ్గర ఆ తర్వాత తను అన్న మాటల్ని ఎవరూ చెవిన పెట్టనిది అందుకే.

కొత్త మంత్రికి అంతటితో తృప్తి కలగలేదు. తప్పుడు ముప్పైని ఎవరు, ఎందుకు కాపాడుతూ వచ్చారో తేల్చమని విచారణ వేశాడు. మామగారికి పదవీ విరమణ ఇంకా ఏడాది కూడా లేదు. అసలు లెక్క ఆయనకి ఎప్పుడు తెలిసిందన్నదే విచారణలో ప్రధాన ప్రశ్న. జవాబు చెప్పగలిగింది ఒక్క కోడలే. ఆమెకి పిలుపు వచ్చిన సాయంత్రం ఆయన మొట్టమొదటిసారి ఆమె గది గుమ్మం దగ్గరికి వచ్చి, లోపలికి రావచ్చా అని అడిగాడు. సమావేశానికి ముందు నాకేమీ చూపించలేదని చెప్పు, చాలు అన్నాడు. అత్తగారు ఆమె చేతులు పట్టుకుంది. ఈ వయసులో ఆయన తల దించుకుని బయటికి రావడం నేను చూడలేనమ్మా అంది. భర్త గోడకి ఆనుకుని, కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడుస్తూ నిలబడ్డాడు.

ఆమె సరేనంది.

మర్నాడు విచారణలో, సమావేశానికి ఎంతో ముందే ఇంట్లో చెప్పానని, కాగితాలన్నీ రెండు వారాలు ఆయన గదిలోనే ఉన్నాయని, ఆయన స్వయంగా రెండుసార్లు లెక్క వేసి చూసుకున్నానని తనతో అన్నాడని చెప్పింది. ఒక్క మాట ఎక్కువ చెప్పలేదు, తక్కువ చెప్పలేదు. బయట బెంచీ మీద తన వంతు కోసం కూర్చున్న ఆయన ముందు నుంచే నడిచి వెళ్లింది. ఆమె ముఖం చూసి ఆయన నిశ్చింతగా తల ఊపాడు. తను అడిగినట్టే చెప్పిందనుకున్నాడు. లోపలికి వెళ్లి, సమావేశం రోజే తొలిసారి విన్నానని వాంగ్మూలం ఇచ్చాడు. విషయాన్ని దాచిన నేరానికి తోడు అబద్ధపు వాంగ్మూలం కూడా ఆయన మెడకి చుట్టుకుంది. నిన్న సరేనని ఎందుకన్నావని ఇంట్లో ఎవరూ ఆమెని అడగలేదు. అడిగితే, ఆయన ఆ అబద్ధం ఆడాలనే అన్నానని చెప్పేసేదే.

ఆయన్ని వీడ్కోలు సభ లేకుండా, దండ లేకుండా, ఒక మామూలు మంగళవారం నాడు పంపేశారు. ఆయన సొంత సామాను ఒక అట్టపెట్టెలో సర్ది కాపలాదారు గేటు దగ్గర ఇచ్చాడు. రెండు నెలలకి ఆమెని పైకి తీసుకెళ్లి ఆయన కుర్చీలోనే కూర్చోబెట్టారు.

ఇంట్లో అత్తగారు ఆమెతో మాట మానేసింది. వేళకి భోజనం పెడుతుంది, పళ్లెం చప్పుడు చేస్తూ పెడుతుంది, అంతే. భర్త దుకాణంలోనే ఎక్కువసేపు గడిపేవాడు. మామగారు మాత్రం ఆమె మీద కోపం చూపించలేదు. ఆయనకి కోపం కంటే పెద్ద లోటు వచ్చిపడింది. ఇన్నేళ్లూ దేశంలో ఆ అంకె అందరికంటే ముందు తెలిసేది ఆయనకే. ఇప్పుడు బాల్కనీలో కూర్చుని, ఆమె మెట్లెక్కే చప్పుడు వినగానే మెడ చాపేవాడు.

ఏడాది లెక్క విడుదలవబోయే ముందు సాయంత్రం, ఆమె చెప్పులు విప్పుతుండగానే ఆయన లేచి వచ్చాడు.

"ఈసారి పెరిగి ఉంటుంది," అన్నాడు. "ఫ్యాక్టరీలు మూతపడ్డాయి, దేశాదాయం పడిపోయింది. ఎప్పుడో మొదలుపెట్టిన వంతెనలు మాత్రం సాగుతున్నాయి. కింద పడిపోతే పైన ఏమీ పెరక్కపోయినా భాగం పెరిగినట్టే కనిపిస్తుంది. అవునా?"

అక్షరాలా అదే జరిగింది. పనుల్లేక జనం ఇళ్లల్లో కూర్చున్న ఏడాది, పెట్టుబడి శాతం పెరిగిందని మంత్రి మిఠాయిలు పంపాడు. ఆ పెరుగుదల దేనివల్లో ప్రకటనలో ఆమె ఒక వాక్యం రాస్తే కొత్త మంత్రి కార్యదర్శి కొట్టేశాడు. ఆమె అభ్యంతరం చెప్పలేదు. ఆ సంగతంతా అర్థం చేసుకోగల మనిషి ఆ ఇంట్లో, ఆ మాటకొస్తే ఆ ఊళ్లో, ఆమె ఎదురుగా నిలబడి ఉన్నవాడొక్కడే. చెప్పాలని ఆమె నాలుక దాకా వచ్చింది.

"రేపు పేపర్లో వస్తుంది మామయ్యా."

"ఎంతో చెప్పొద్దులే. పెరిగిందా లేదా, అదొక్కటి చెప్పు."

"రేపు పేపర్లో వస్తుంది," అని మళ్లీ అని, ఆమె ముఖం కడుక్కోవడానికి వెళ్లింది. అద్దంలో తన ముఖం చూసుకుంటే, బాధ కోసం వెతికినా కనిపించలేదు. చాలాకాలం తర్వాత కడుపులో హాయిగా ఉంది.

పొద్దున్నే ఆయన కంటే ముందు లేచి కిందికి దిగింది. గుమ్మంలో పడి ఉన్న పేపరు తీసి సంచిలో పెట్టుకుంది. భర్త అప్పుడే దుకాణం తలుపు ఎత్తుతున్నాడు. చూశాడు. లోపలికి వెళ్లి అద్దాల అల్మారా తుడవడం మొదలెట్టాడు.

బస్సు కదిలేటప్పుడు, ఇంటి మలుపు దగ్గర పేపర్ల బండి ముందు మామగారు కనిపించాడు. నలిగిన ఇంటి చొక్కాతో, చెప్పులు లేకుండా పరుగున వచ్చినట్టున్నాడు. బండివాడు అన్నీ అయిపోయాయన్నట్టు చెయ్యి తిప్పుతున్నాడు. ఆయన వినిపించుకోకుండా, బండి మీదున్న వారపత్రికలు ఒక్కొక్కటే ఎత్తి వాటి కింద వెతుకుతున్నాడు.

ఆమె సంచి ఒళ్లోకి లాక్కుంది. పేపరు తీసి చదవలేదు. అందులో ఏముందో ఆమెకి తెలుసు.